నాన్నగారి డబ్బాలో 163 స్కౌట్ బ్యాడ్జీలు: ఆయన సాధించినవి ఏవో ఎలా తెలుసుకోవాలి?

రేకుడబ్బా:

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 31 ఏళ్ళు స్కౌట్ మాస్టర్‌గా ఉన్నారు. పోయినేడాది కాలం చేశారు. మొన్న ఆయన బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఒక రేకు డబ్బా దొరికింది. మూత తుప్పు పట్టి రాలేదు, చెంచా కాడతో తీయాల్సి వచ్చింది. లోపల అన్నీ బ్యాడ్జీలే. రెండుసార్లు లెక్కపెట్టాను, 163 ఉన్నాయి.

ఎక్కువ భాగం గుండ్రటి గుడ్డ బ్యాడ్జీలు. ఓ పది దాకా చతురస్రంగా కత్తిరించిన ముతక గుడ్డ మీద కుట్టినవి. కొన్ని ఇత్తడివి. ఒకదాని మీద స్కౌట్ల లిల్లీ పువ్వు గుర్తుతో పాటు స్వస్తిక్ కూడా ఉంది, అది చూసి ఆశ్చర్యపోయాను. వీటితో పాటు సన్నటి తోలు తాడుకు గుచ్చిన రెండు చెక్క పూసలు ఉన్నాయి. మా చిన్నప్పటి గొలుసు ఏదో తెగిపోతే దాచారేమో అనుకున్నాను. అట్ట ఊడిపోయిన ఒక చిన్న పుస్తకం కూడా ఉంది. అందులో ఒక్కో బ్యాడ్జీకి ఏమేం చేయాలో వరుసగా అచ్చు వేసి ఉంది, పక్కన పెన్సిల్‌తో టిక్కులు, తేదీలు. చేతిరాత నాన్నదే.

అసలు సమస్య మా అబ్బాయితో వచ్చింది. వాడికి 12 ఏళ్ళు, స్కౌట్ ట్రూప్‌లో (దళంలో) చేరి 3 నెలలైంది. ఇప్పటికి సంపాదించింది ఒక్క బ్యాడ్జీ. డబ్బా చూడగానే అందులోంచి ఫస్ట్ ఎయిడ్ బ్యాడ్జీ తీసి, సూది దారం తెచ్చి, తన యూనిఫాం చేతికి కుట్టమన్నాడు. "తాతయ్యది కదా, నేను పెట్టుకుంటే తప్పేంటి?" అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆగమన్నాను. రెండు రోజులుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. వాడు తాతయ్య దగ్గరే ఎక్కువ పెరిగాడు, అందుకే నాకు ఇది చిన్న విషయంగా అనిపించడం లేదు.

నాకు తెలియాల్సినవి ఇవి. నాన్న తన చిన్నతనంలో స్వయంగా సాధించిన బ్యాడ్జీలు ఏవో, క్యాంపుల్లో ఇతరులతో మార్చుకున్నవి ఏవో ఎలా విడదీయాలి? మురికిగా ఉన్నవాటిని ఉతకవచ్చా? ఇక, అబ్బాయికి ఏం చెప్పాలి?

---

సిగ్నలర్:

రేకుడబ్బా గారూ, దయచేసి వాటిని ఉతకకండి, ఇస్త్రీ కూడా చేయకండి. పాత బ్యాడ్జీల్లో ఎర్ర దారం నీళ్ళు తగిలితే రంగు వదులుతుంది, పక్కనున్న తెల్ల దారమంతా గులాబీ రంగుకు తిరుగుతుంది. నా దగ్గర అలా పాడైనవి నాలుగున్నాయి, నాలుగూ నేను తెలియక ఉతికినవే. 1970ల నుంచి వచ్చిన అమెరికా బ్యాడ్జీలకు వెనక పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఇస్త్రీ వేడికి అది ముడుచుకుపోతుంది. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. ఇత్తడివాటిని కూడా రుద్ది మెరిపించవద్దు. రుద్దిన ప్రతిసారీ గుర్తులో సన్నటి గీతలు కొంచెం కొంచెంగా అరిగిపోతాయి.

ఇప్పుడు ఆ పూసల సంగతి. మీరు తెగిన గొలుసు అనుకున్నది బహుశా మొత్తం డబ్బాలో మీ నాన్నగారు అన్నిటికన్నా ఎక్కువ కష్టపడి తెచ్చుకున్న వస్తువు. దాన్ని వుడ్ బ్యాడ్జ్ అంటారు. పిల్లలకు ఇచ్చేది కాదు, ట్రూప్ నడిపే పెద్దవాళ్ళు శిక్షణ పూర్తి చేస్తే ఇస్తారు. 1919లో లండన్ దగ్గరి గిల్వెల్ పార్కులో మొదటి శిక్షణ జరిగింది. స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవల్, ఆఫ్రికా నుంచి తెచ్చుకున్న ఒక జులూ (దక్షిణాఫ్రికాలోని ఒక తెగ) హారం లోని పూసలను ఆ శిక్షణ పూర్తి చేసినవాళ్ళకు ఇచ్చారు. ఆ హారం జులూ రాజు దినుజులుదని చెబుతారు. తర్వాత అదే ఆకారంలో చెక్కి ఇస్తున్నారు. రెండు పూసలంటే శిక్షణ పూర్తి చేసిన లీడర్ అని. మూడు, నాలుగు పూసలుంటే ఇతర లీడర్లకు శిక్షణ ఇచ్చేవారు. కాబట్టి ఆ పూసలను వేరుగా, ఒక మంచి పెట్టెలో పెట్టండి. ఆ తాడు పాతబడిందని కొత్తది మార్చకండి.

విడదీసే పని మొదలుపెట్టేటప్పుడు బ్యాడ్జీల ముఖం చూడకండి, అన్నిటినీ బోర్లా తిప్పండి. చొక్కాకు కుట్టిన బ్యాడ్జీకి అంచు చుట్టూ సూది రంధ్రాలు ఉంటాయి, ఒక్కోసారి తెగిన దారం ముక్కలు ఇంకా అతుక్కునే ఉంటాయి. ముందువైపు రంగు ఎండకు వెలిసి, వెనకవైపు ముదురుగా ఉంటుంది. ఇవి తొడుక్కున్నవి. మార్చుకున్నవి అయితే సాధారణంగా కుట్టు జాడ లేకుండా, రెండువైపులా ఒకే రంగుతో ఉంటాయి. ఇది నూటికి నూరు పాళ్ళు నమ్మదగ్గ గుర్తు కాదు. ఎవరో తొడుక్కున్నదాన్ని విప్పి మార్చుకుని ఉండవచ్చు. అందుకే కుట్టు జాడను ఆ పుస్తకంలోని టిక్కులతో పోల్చాలి. రెండూ కలిస్తే అది మీ నాన్నగారిదే అనుకోవచ్చు.

చతురస్రపు గుడ్డవి అమెరికా మెరిట్ బ్యాడ్జీల్లా (ఒక్కో విద్య నేర్చుకున్నందుకు ఇచ్చేవి) ఉన్నాయి. అక్కడ 1911లో 57 రకాలతో మొదలుపెట్టారు. మొదట్లో చతురస్రపు గుడ్డ మీద మధ్యలో గుండ్రంగా కుట్టేవాళ్ళు, పిల్లలు అంచులు లోపలికి మడిచి కుట్టుకునేవాళ్ళు. 1930ల తర్వాత గుండ్రంగా కత్తిరించి అంచు నొక్కినవి వచ్చాయి, 1960ల నుంచి అంచు చుట్టూ మందంగా దారం చుట్టినవి వచ్చాయి. అంచు చూస్తే కాలం చాలావరకు తెలిసిపోతుంది. పాతదని నమ్మించే నకళ్ళు కూడా తిరుగుతుంటాయి. చీకటి గదిలో అతినీలలోహిత కిరణాల టార్చి వేసి చూడండి. ఈ కాలపు తెల్ల దారం సాధారణంగా నీలంగా మెరుస్తుంది, పాత నూలు దారం మెరవదు.

స్వస్తిక్ చూసి కంగారు పడకండి. దానికి నాజీలతో సంబంధం లేదు. స్కౌట్లకు సాయం చేసిన బయటివాళ్ళకు కృతజ్ఞతగా ఇచ్చే థాంక్స్ బ్యాడ్జీ మీద, తర్వాత మెడల్ ఆఫ్ మెరిట్ మీద ఆ రోజుల్లో స్వస్తిక్ ఉండేది, శుభానికి గుర్తుగా. జర్మనీలో నాజీలు దాన్ని తమ గుర్తుగా చేసుకున్నాక 1930ల మధ్యలో స్కౌట్లు తీసేశారు. మీ నాన్నగారు దాన్ని మార్చుకునే తెచ్చుకుని ఉంటారు. దీనికి కూడా నకళ్ళు చాలా ఉన్నాయి, టార్చి పరీక్ష లోహం మీద పనిచేయదు కాబట్టి తెలిసినవాళ్ళకు చూపించండి.

నా దృష్టిలో ఆ డబ్బాలో విలువైన రెండో వస్తువు అట్ట ఊడిన పుస్తకం. నేను 28 ఏళ్ళుగా బ్యాడ్జీలు సేకరిస్తున్నాను. మొదటి పదేళ్ళు గుడ్డ ముక్కలే సేకరించాను. ఎవరైనా ఒకదాన్ని చూపించి "ఇది దేనికిచ్చారు?" అని అడిగితే పేరు చెప్పగలిగేవాణ్ణి, అంతకు మించి ఏమీ తెలియదు. ఆ పేరు కింద ఏం పని చేయించేవాళ్ళో తెలియాలంటే ఆ ఏడాది పుస్తకం కావాలి, ఎందుకంటే పేరు అలాగే ఉండి లోపలి అంశాలు మారిపోతుంటాయి. ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలో మొదట్లో ఇన్వెన్షన్ అనే బ్యాడ్జీ ఉండేది. దానికి ఉపయోగపడే వస్తువు ఒకటి కనిపెట్టడమే కాదు, దాని మీద పేటెంట్ కూడా తెచ్చుకోవాలి! పిల్లవాడు పేటెంట్ తేవాలి. ఆ బ్యాడ్జీ ఎందుకంత అరుదో ఆ ఒక్క వాక్యం చదివితేగానీ అర్థం కాదు. అలాగే 2010లో అమెరికా స్కౌటింగ్ వందేళ్ళ సందర్భంగా ఎప్పుడో ఆగిపోయిన నాలుగు బ్యాడ్జీలను ఆ ఒక్క ఏడాదికి తిరిగి తెచ్చారు. వడ్రంగం, దారి కనుక్కోవడం, సిగ్నలింగ్, జాడ పట్టడం. పేర్లు మాత్రమే తేలేదు, పాత కాలపు అంశాలనే పిల్లల చేత చేయించారు. ఆ సంగతి చదివినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

అసలు మొదటి స్కౌట్ క్యాంపు నుంచే, పని నేర్చుకుంటేనే గుర్తు ఇచ్చే ఈ పద్ధతి ఉంది. 1907 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ ద్వీపంలో బేడెన్ పవల్ 20 మంది పిల్లలతో పెట్టిన క్యాంపులో ఇత్తడి లిల్లీ గుర్తు ఇచ్చారు. ముడులు, జాడ పట్టడం, జాతీయ జెండా, ఈ మూడింటిలో పరీక్ష గెలిచాక, "సంసిద్ధంగా ఉండు" అనే అర్థంతో మాటలున్న రెండో ఇత్తడి ముక్క దాని కింద పెట్టుకోనిచ్చారు. మీ అబ్బాయికి ఈ కథ చెప్పండి. మొదటి 20 మందికి కూడా రెండో ముక్క ఊరికే రాలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు 14 ఏళ్ళప్పుడు సిగ్నలింగ్ బ్యాడ్జీ వచ్చింది. మోర్స్ (చుక్కలు, గీతలతో అక్షరాలు పంపే సంకేతాలు) నేర్చుకోవడానికి 7 నెలలు పట్టింది. రాత్రి పడుకునే ముందు మంచం కోడు మీద వేలితో కొడుతూ అక్షరాలు వల్లించేవాణ్ణి. రెండుసార్లు పరీక్షలో తప్పాను, మూడోసారి నెగ్గాను. ఆ తర్వాత ఏడాది ఒక పెద్ద క్యాంపులో వేరే దేశపు కుర్రవాడి దగ్గర బంగారు దారంతో కుట్టిన బ్యాడ్జీ చూసి ఆగలేకపోయాను. నా సిగ్నలింగ్ బ్యాడ్జీ విప్పి ఇచ్చి అది తీసుకున్నాను. ఈ రోజు నా దగ్గర 2,000 పైగా ఉన్నాయి. సిగ్నలింగ్‌వే 11 ఉన్నాయి, వేర్వేరు దేశాలవి, వేర్వేరు కాలాలవి. నాది మాత్రం లేదు. అందుకే మార్చుకునే పిల్లలకు నేను చెప్పేది ఒకటే. క్యాంపు బ్యాడ్జీలు, ట్రూప్ బ్యాడ్జీలు ఎన్నైనా మార్చుకోండి, పరీక్ష ఇచ్చి తెచ్చుకున్నది మాత్రం ఇవ్వకండి.

మీ అబ్బాయి ప్రశ్నకు నా జవాబు: యూనిఫాం మీద వద్దు. ఎక్కడైనా సరే, యూనిఫాం మీదున్న బ్యాడ్జీ అంటే "ఈ పని నేను చేయగలను" అని ఎదుటివాళ్ళకు చెప్పడం. ఫస్ట్ ఎయిడ్ బ్యాడ్జీ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. రేపు క్యాంపులో ఎవరికైనా చెయ్యి విరిగితే, ఆ గుర్తు చూసి పిల్లలు మీవాడి దగ్గరికే పరుగెత్తుకొస్తారు.

దాచడానికి: ఫోటో ఆల్బమ్‌లలో వాడే మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. కొన్నేళ్ళకు జిగురుగా మారి దారానికి అంటుకుంటాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లు తీసుకోండి. గమ్ముతో అట్టకు అంటించవద్దు. ఒక్కోదానికి ఒక చీటీ రాయండి: బ్యాడ్జీ పేరు, ఏ సంస్థది, అంచు ఎలా ఉంది, కుట్టు జాడ ఉందా, పుస్తకంలో ఏ పేజీ. మొదటి 20 చీటీలు విసుగనిపిస్తాయి, తర్వాత చేతులే రాసుకుపోతాయి.

---

ముడులు నేర్పే టీచర్:

సిగ్నలర్ గారు చెప్పిన వాటిలో చాలావాటితో ఏకీభవిస్తాను. ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు, అది చివర్లో చెబుతాను. నేను 16 ఏళ్ళుగా ట్రూప్‌లో బ్యాడ్జీ పరీక్షలు తీసుకుంటున్నాను. ఈ ప్రశ్నలో నా కళ్ళు ముందు ఆ పిల్లవాడి మీదే పడ్డాయి.

బాబుకి ఇంకా ఒకే బ్యాడ్జీ వచ్చింది కదా. ఈ దశలో పిల్లలు అంశాల జాబితా చూసి బెంబేలెత్తుతారు. నిజానికి ఆ జాబితాను చదవడం కూడా నేర్పాలి. అందులో క్రియాపదాలు చూడమనండి. "చెప్పు" అని ఉంటే నోటితో చెబితే చాలు. "చేసి చూపించు" అని ఉంటే చేసి చూపించాల్సిందే. "తయారుచెయ్యి" అని ఉంటే వస్తువు చేతిలో ఉండాలి. అమెరికా మెరిట్ బ్యాడ్జీల్లో ఇది చాలా గట్టి నియమం, రాసినదానికి తగ్గకూడదు, ఎక్కువ అడగకూడదు కూడా. బ్రిటన్‌లో అయితే పిల్లవాడి శక్తిని బట్టి అంశాలను సర్దే వెసులుబాటు ఇస్తారు, అందరికీ ఒకే స్థాయి కష్టం ఉండాలన్నది అక్కడి ఉద్దేశం. రెండు పద్ధతుల్లోనూ న్యాయం ఉంది. మా ట్రూప్‌లో ఒక అమ్మాయికి కుడిచేతి వేళ్ళు సరిగా ముడుచుకోవు. రీఫ్ ముడి ఒంటి చేత్తో, పళ్ళ సాయంతో వేసింది. మూడు వారాలు పట్టింది. ఆ ముడిని నేను లాగి చూశాను, కదలలేదు. నేను సంతకం పెట్టిన వాటిలో అంత ఆనందంగా పెట్టింది ఇంకోటి లేదు.

ఇంకో విషయం, టైమ్. కొన్ని బ్యాడ్జీలను ఎంత చురుకైన పిల్లలైనా తొందరగా పూర్తి చేయలేరు, చేయకూడదు. అమెరికా క్యాంపింగ్ బ్యాడ్జీకి కనీసం 20 రాత్రులు క్యాంపుల్లో గడపాలి. పర్సనల్ ఫిట్‌నెస్‌కు 12 వారాల వ్యాయామం ఉంటుంది. 20 రాత్రులంటే అందులో వాన పడిన రాత్రి ఉంటుంది, నిద్ర పట్టని రాత్రి ఉంటుంది, ఇంటి మీద బెంగ పెట్టుకుని ఏడ్చిన రాత్రి కూడా ఉంటుంది. ఈ మధ్య కొన్నిచోట్ల ఒకే రోజు పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి, పాఠం చెప్పి, సాయంత్రానికి మూడు బ్యాడ్జీలు ఇచ్చి పంపిస్తున్నారు. అలా తెచ్చుకున్న ఒక పిల్లవాడిని క్లోవ్ హిచ్ అనే మామూలు ముడి వేయమంటే నా ముఖం వైపు చూశాడు. తప్పు వాడిది కాదు. వాడికి నేర్చుకునే అవకాశం దొరకలేదు, చేతిలో బ్యాడ్జీ మాత్రం ఉంది. వాడిని చూసి నాకు చాలా బాధేసింది.

ఇప్పుడు నా అభిప్రాయం వేరైన విషయం. సిగ్నలర్ గారు అన్నిటినీ కవర్లలో పెట్టమంటున్నారు. పన్నెండేళ్ళ పిల్లవాడికి కవరులో ఉన్న తాతయ్య కనబడడు. క్యాంపు దుప్పటి సంగతి మీరు వినే ఉంటారు. చాలా దేశాల్లో స్కౌట్లు, గైడ్లు ఒక దుప్పటికి బ్యాడ్జీలన్నీ కుట్టుకుని క్యాంప్‌ఫైర్ దగ్గర భుజాల మీద కప్పుకుంటారు. మార్చుకున్నవి, ఎవరో ఇచ్చినవి, పాతబడి యూనిఫాం నుంచి తీసేసినవి, ఏవైనా కుట్టుకోవచ్చు, అది యూనిఫాం కాదు కాబట్టి. డబ్బాలో ఒకటికి రెండున్న వాటిని ఏరి బాబుకి ఇవ్వండి. వాటిని దుప్పటికి వాడే కుట్టుకోవాలి, మీరు కుట్టిపెట్టవద్దు.

చీటీలు రాసే పని కూడా వాడికే ఇవ్వండి. బ్రిటన్ కబ్ స్కౌట్లకు (చిన్న వయసు స్కౌట్లకు) కలెక్టర్ బ్యాడ్జీ ఉంది. కనీసం 3 నెలలు ఒకే రకం వస్తువులు సేకరించి, చక్కగా అమర్చి చూపించి, అందులో తనకు నచ్చినవాటి గురించి మాట్లాడాలి. అమెరికాలో కలెక్షన్స్ అనే మెరిట్ బ్యాడ్జీ ఉంది. మీ ట్రూప్ జాబితాలో అలాంటిది ఉందేమో లీడర్‌ని అడగండి. ఉంటే, తాతయ్య డబ్బాతోనే తన సొంత బ్యాడ్జీ తెచ్చుకోవచ్చు.

---

జాంబోరీ 2019:

నేను 2019లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో జరిగిన 24వ ప్రపంచ జాంబోరీకి (అన్ని దేశాల స్కౌట్లు కలిసే పెద్ద క్యాంపుకు) వెళ్ళాను. బ్యాడ్జీలు మార్చుకోవడం గురించి మాత్రం నాకు తెలిసింది చెబుతాను. అక్కడ నేల మీద దుప్పటి పరిచి బ్యాడ్జీలు పేర్చుకుని కూర్చుంటారు, భాష రాకపోయినా వేలితో చూపించుకుని బేరం చేసుకుంటారు. సాధారణంగా ఒకటికి ఒకటి. పిల్లలు పిల్లలతో, పెద్దలు పెద్దలతో మార్చుకోవాలన్నది నేను అక్కడ నేర్చుకున్న మర్యాద. పెద్దవాళ్ళకు ఏది అరుదో తెలుసు, పిల్లలకు తెలియదు, అందుకని.

మీ బాబు ఎప్పుడైనా క్యాంపుకు ఆ డబ్బా తీసుకెళ్తానంటే పంపవద్దు. చతురస్రపువి, స్వస్తిక్ ఉన్నది చూస్తే అడిగేవాళ్ళు ఉంటారు, ఒక్క నిమిషంలో చేతులు మారిపోతాయి. వాడి ట్రూప్ బ్యాడ్జీలు ఓ 15 ఇచ్చి పంపండి, మార్చుకోవడానికి అవే మంచివి.

ఊదా రంగు మీద తెల్ల లిల్లీ, చుట్టూ తాడు ఉన్న బ్యాడ్జీలు డబ్బాలో చాలా ఉండి ఉంటాయి. అది ప్రపంచ స్కౌట్ గుర్తు. ఆ తాడు కింద రీఫ్ ముడి ఉంటుంది. లిల్లీ మీదున్న రెండు నక్షత్రాలకు కలిపి పది మొనలుంటాయి, పాత స్కౌట్ నియమాలు పది కాబట్టి. బాబుని లెక్కపెట్టమనండి, ఇష్టంగా లెక్కపెడతాడు.

---

సిగ్నలర్:

టీచర్ గారూ, దుప్పటి మాట ఒప్పుకుంటున్నాను. రెండేసి ఉన్నవాటిని కుట్టుకోనివ్వండి. కుట్టు జాడ ఉన్నవాటిని, చతురస్రపువాటిని మాత్రం మళ్ళీ సూదితో గుచ్చవద్దని నా మనవి. ఆ పాత రంధ్రాలే వాటి చరిత్రకు సాక్ష్యం.

---

రేకుడబ్బా:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఈ ఆదివారం నేనూ అబ్బాయీ కలిసి కూర్చున్నాం. సిగ్నలర్ గారు చెప్పినట్టు అన్నిటినీ బోర్లా తిప్పి నేల మీద పరిచాం. సూది రంధ్రాలు ఉన్నవి 24 తేలాయి. పుస్తకంలో పూర్తిగా టిక్కులున్న పేజీలు 19. రెండూ కలిసినవి 17. మిగిలినవాటి సంగతి మెల్లగా చూస్తాం. రెండేసి ఉన్నవి 30 దాకా ఉన్నాయి, దుప్పటి సంగతి వినగానే వాడి ముఖం వెలిగిపోయింది. ఊదా రంగువి 6 ఉన్నాయి, ఆరింటికీ మొనలు లెక్కపెట్టాడు.

మాకు ఆశ్చర్యం కలిగించింది ఫస్ట్ ఎయిడ్ బ్యాడ్జీ. మా వాడు కుట్టమన్న ఆ బ్యాడ్జీకి ఒక్క రంధ్రం కూడా లేదు, కొత్తది. ట్రూప్‌లో పిల్లలకు ఇవ్వడానికి తెచ్చి మిగిలినదేమో. నాన్నది వేరే ఉంది, అడుగున, అంచు పీచులు లేచి, సగం రంగు పోయింది. అందుకే వాడికి మొదట కనబడలేదు.

పుస్తకంలో ఆ పేజీ తీశాం. చేతికి తగిలించే త్రికోణపు కట్టు అంశం దగ్గర పెన్సిల్‌తో "మళ్ళీ" అని రాసుంది. దాని కింద ఇంకోసారి "మళ్ళీ". రెండిటికీ తేదీలున్నాయి, మధ్యలో 5 వారాలు. ఆ తర్వాత మరో తేదీ, టిక్కు. నాకు గుర్తున్నంతవరకు కట్టు కట్టడంలో నాన్నకు సాటి ఎవరూ లేరు. వీధిలో ఎవరికి దెబ్బ తగిలినా ఆయన దగ్గరికే తీసుకొచ్చేవారు. రెండుసార్లు తప్పారన్న సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

అబ్బాయి ఆ పేజీని చాలాసేపు చూశాడు. కొత్త బ్యాడ్జీని తనే డబ్బాలో పెట్టి, "ఇది నా పరీక్ష అయ్యాక తీసుకుంటాను, అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు" అన్నాడు. వాళ్ళ లీడర్‌ని అడిగితే, పరీక్ష నెగ్గితే ట్రూప్ ఇచ్చే బ్యాడ్జీ బదులు అదే కుట్టుకోవచ్చు, డిజైన్ మారలేదు అన్నారు.

పూసల పెట్టె ఇప్పుడు నాన్న ఫోటో దగ్గర పెట్టాను. తాడు మార్చలేదు. టీచర్ గారూ, చీటీలు వాడే రాస్తున్నాడు, 31 అయ్యాయి. ఇది టైప్ చేసేముందు నా ఎడమ చేతికి మూడోసారి కట్టు కట్టాడు. మోచెయ్యి దగ్గర వదులుగా ఉందని వాడే విప్పేసి మళ్ళీ మొదలుపెడుతున్నాడు, అందుకే మిగతా ప్రశ్నలు రేపు అడుగుతాను.